తుపాకీ చట్టాల్లో రాజీ: అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని ఒక రాష్ట్ర శాసనసభలో బిల్లుల ముసాయిదాలు రాయడం నా వృత్తి. తుపాకుల గురించి ఇక్కడి తెలుగువారి నోట తరచూ వినే కొన్ని అపోహలకు జవాబు రాస్తున్నాను. ఈ విషయంలో రాజీ అనేది నాయకుల ప్రసంగాల్లో కనిపించదు. గడువు ఎన్ని రోజులు, నిషేధం ఎన్నేళ్లు, ఫలానా మాటకు అర్థమేమిటి అన్నచోట కనిపిస్తుంది.

అపోహ: ఆయుధాలు కలిగి ఉండే హక్కును కాపాడే రెండో సవరణ రాజ్యాంగంలో ఉన్నంతకాలం ఏ నియంత్రణా చెల్లదు.

వాస్తవం: ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ స్కాలియా, ఈ హక్కుకు హద్దులున్నాయనీ, తీవ్ర నేరాలకు శిక్షపడినవారిపై నిషేధాలనూ పాఠశాలల వంటి చోట్ల ఆంక్షలనూ ఈ తీర్పు ప్రశ్నించడం లేదనీ స్పష్టం చేశారు. నియంత్రణ ఏదైనా దేశ చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా ఉండాలని 2022 నాటి బ్రూయెన్ తీర్పు షరతు పెట్టింది కాబట్టి, మావంటివారు ఇప్పుడు ఓట్లతోపాటు పాత చట్టాలనూ వెతుక్కోవలసి వస్తోంది. అయినా, గృహహింస కారణంగా కోర్టు రక్షణ ఉత్తర్వు ఎదుర్కొంటున్నవారి వద్ద తుపాకీ ఉండరాదన్న నిబంధన 2024లో రహిమీ కేసులో 8–1తో నిలబడింది.

అపోహ: తుపాకుల విషయంలో రెండు పార్టీలకూ ఎన్నడూ పొత్తు కుదరదు.

వాస్తవం: 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీ పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు హతులయ్యారు. నెల తిరగగానే, జూన్ 25న అప్పటి అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన తుపాకీ చట్టానికి సెనేట్‌లో 65–33 ఓట్లు వచ్చాయి; అనుకూలురలో 15 మంది రిపబ్లికన్లు. టెక్సస్ రిపబ్లికన్ జాన్ కార్నిన్, కనెక్టికట్ డెమొక్రాట్ క్రిస్ మర్ఫీ మరో ఇద్దరితో కలిసి బేరం నడిపారు. అది చిక్కుపడిన చోట్లలో ఒకటి, డేటింగ్ సంబంధానికి నిర్వచనం. అప్పటిదాకా గృహహింసకు సంబంధించిన చిన్న నేరంలో శిక్షపడిన వ్యక్తికి తుపాకీ నిషేధం వర్తించాలంటే, బాధితురాలు అతని భార్యో, కలిసి కాపురమున్న మనిషో, అతని బిడ్డకు తల్లో అయి ఉండాలి. కొత్త చట్టం ప్రియురాలినీ చేర్చింది. ప్రతిగా, తొలి నేరమై ఐదేళ్లపాటు మళ్లీ హింసకు పాల్పడకపోతే ఆ ప్రియుడికి హక్కు తిరిగి వస్తుందని ఒప్పుకుంది. భర్తకు ఆ వెసులుబాటు లేదు. తర్కానికి నిలవని తేడాయే, కానీ ఓట్లు తెచ్చింది.

ప్రమాదకరంగా మారినవారి నుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకీ తీసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టాల పేరుతో అదే చట్టంలో మొదలైన 75 కోట్ల డాలర్ల నిధి కథా ఇంతే: అటువంటి చట్టం వద్దనుకున్న రాష్ట్రాలు మాదకద్రవ్యాల కోర్టులకో, మానసిక ఆరోగ్య కోర్టులకో ఆ డబ్బు వాడుకోవచ్చు. 21 ఏళ్లలోపు కొనుగోలుదారుల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు, అంటే అమ్మకానికి ముందు జరిపే పూర్వ చరిత్ర తనిఖీకి, పది పనిదినాల వరకు గడువు దొరికింది గాని, కొనుగోలు వయసు పెంచాలన్న కోరిక నెరవేరలేదు.

అపోహ: రాజీ అంటే తుపాకీ హక్కుల పక్షం ప్రతిసారీ కొంత పోగొట్టుకోవడమే.

వాస్తవం: 1986లో తుపాకీ యజమానుల ఊరట కోసమే తెచ్చిన చట్టం ఎవరి వద్ద ఏ తుపాకీ ఉందో నమోదు చేసే ఫెడరల్ రిజిస్ట్రీని నిషేధించింది; అదే చట్టం ఆపైన తయారయ్యే మెషిన్‌గన్‌లను పౌరులకు అందకుండా చేసింది. పార్క్‌లాండ్ పాఠశాలలో కాల్పుల తర్వాత 2018లో ఫ్లోరిడా రిపబ్లికన్ గవర్నర్ రిక్ స్కాట్ సంతకం చేసిన చట్టం కొనుగోలు వయసును 21కి పెంచి, రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వులను తెచ్చి, మరోపక్క శిక్షణ పొందిన పాఠశాల సిబ్బందిలో కొందరు తుపాకీ ధరించే వీలూ కల్పించింది.

అపోహ: మెజారిటీ ఉంటే చాలు.

వాస్తవం: వందమంది సభ్యులున్న సెనేట్‌లో చర్చ ముగించి బిల్లును ముందుకు నడపాలంటే సాధారణంగా 60 ఓట్లు కావాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లను విస్తరించే ప్రతిపాదన 2013లో 54 ఓట్లు తెచ్చుకుని కూడా వీగిపోయింది.

అపోహ: అమెరికాలో ఉన్న ఎవరైనా తుపాకీ కొనవచ్చు.

వాస్తవం: మన విద్యార్థులు, హెచ్-1బీ ఉద్యోగులు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది. నాన్-ఇమిగ్రెంట్ వీసాపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని 1998లో ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మాత్రం అక్కడా మినహాయింపు రాశారు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.