ఇజ్రాయెల్-పాలస్తీనా శాంతికి వచ్చిన ‘వింత’ ప్రతిపాదనలు: అపోహలు - వాస్తవాలు

నేను అంతర్జాతీయ రాజకీయాలు పాఠం చెప్తాను. ప్రతి ఏడాదీ పిల్లలకి పాలస్తీనీయులు ఎక్కువగా ఉండే వెస్ట్ బ్యాంక్ ప్రాంతం మ్యాప్ జిరాక్స్ తీసిచ్చి, ఇజ్రాయెల్, పాలస్తీనా అనే రెండు దేశాల మధ్య సరిహద్దు పెన్సిల్‌తో గీయమంటాను. మొదట అందరూ హుషారుగానే మొదలుపెడతారు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించిన నేల మీద, గ్రీన్ లైన్‌కి (ఆ యుద్ధానికి ముందున్న సరిహద్దు గీతకి) సుమారు 16 కిలోమీటర్లు లోపల కట్టిన ఆరియెల్ అనే యూదు సెటిల్‌మెంట్ (కాలనీ) దగ్గరికొచ్చేసరికి పెన్సిళ్ళు ఆగిపోతాయి, హెబ్రాన్ దగ్గరైతే రబ్బర్లు బయటికొస్తాయి. ఎందుకంటే రెండు లక్షలకు పైగా పాలస్తీనీయులున్న ఆ ఊరి నడిబొడ్డున కొన్ని వందలమంది యూదులు ఇజ్రాయెల్ సైన్యం కాపలాలో బతుకుతారు, 1997 ఒప్పందం ఆ ఒక్క ఊరినే హెచ్1 (పాలస్తీనా పాలనలో), హెచ్2 (ఇజ్రాయెల్ సైన్యం చేతిలో) అని రెండు ముక్కలు చేసింది. ఆ గీత ఎలా గీసినా ఎవరో ఒకరు తప్పువైపు మిగిలిపోతారు. నేను చెప్పబోయే ప్రతిపాదనల్లో చాలావరకు అక్కడ పుట్టినవే. వాటి గురించి క్లాసులోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పదే పదే వినే మాటలు కొన్ని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఇవన్నీ ఈమధ్య ఎవరో ఏసీ గదుల్లో కూర్చుని కల్పించిన ఆలోచనలు.

కాదు. ఇజ్రాయెల్ పుట్టకముందే, 1925లో, బ్రిత్ షాలోం అనే చిన్న యూదు బృందం యూదులు, అరబ్బులు సమాన హక్కులతో ఒకే రాజ్యంలో ఉండాలని వాదించింది. హీబ్రూ యూనివర్సిటీ తొలి చాన్సలర్ జూడా మాగ్నెస్, తత్వవేత్త మార్టిన్ బూబర్ 1942లో ఇహుద్ పేరుతో అదే దారిలో నడిచారు. మనవాళ్ళకి అసలు తెలియనిది ఇంకోటి ఉంది: పాలస్తీనాని ఏం చేయాలో తేల్చడానికి 1947లో ఐక్యరాజ్యసమితి వేసిన 11 దేశాల కమిటీలో ఇండియా సభ్యదేశం. మన తరఫున వెళ్ళిన న్యాయమూర్తి సర్ అబ్దుర్ రహ్మాన్, ఇరాన్, యుగోస్లావియా ప్రతినిధులతో కలిసి విభజన వద్దని, జెరూసలేం రాజధానిగా ఫెడరల్ రాజ్యం కావాలని మైనారిటీ నివేదికను బలపరిచారు. మెజారిటీ విభజన వైపు వెళ్ళింది, నవంబరు 29న 33-13 ఓట్లతో తీర్మానం 181 నెగ్గింది, ఇండియా వ్యతిరేకంగా ఓటేసింది. ఆ విభజన తీర్మానం కూడా రెండు దేశాలకూ కలిపి ఒక ఆర్థిక సంఘం, ఉమ్మడి కస్టమ్స్ ఉండాలనే చెప్పింది. పూర్తిగా విడిపోవడం అనేది మొదటి కాగితంలోనే లేదన్నమాట.

అపోహ: ఉన్నవి రెండే దారులు, రెండు దేశాలుగా విడగొట్టడం, లేదంటే అందర్నీ కలిపి ఒకే దేశం చేయడం.

నన్ను అడిగితే ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. ఈ రెంటి మధ్యలో కాన్ఫెడరేషన్ ఉంది, అంటే రెండు దేశాలూ స్వతంత్రంగా ఉంటూనే కొన్ని విషయాలు ఉమ్మడిగా నడుపుకునే ఏర్పాటు. 2012లో మెరోన్ రాపోపోర్ట్ అనే ఇజ్రాయెలీ జర్నలిస్టు, బెత్లెహెం దగ్గరి ధేషే శరణార్థి శిబిరానికి చెందిన, ఫతా అనే పాలస్తీనా పార్టీ కార్యకర్త అవ్నీ అల్-మష్నీ కలిసి మొదలుపెట్టిన ఉద్యమం ఇప్పుడు ‘ఎ ల్యాండ్ ఫర్ ఆల్’ పేరుతో నడుస్తోంది. వాళ్ళు చెప్పేది ఇది: 1967 గీత (గ్రీన్ లైన్) మీదే రెండు స్వతంత్ర దేశాలు, రెండు పార్లమెంట్లు, రెండు జెండాలు ఉంటాయి, కానీ సరిహద్దు గోడలా ఉండదు, పౌరసత్వం వేరు, నివాసం వేరు. అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉంటున్న మనవాళ్ళని చూడండి, అక్కడ ఇల్లు కొనుక్కుని ఉద్యోగం చేసుకుంటారు, పౌరసత్వం మాత్రం ఇండియాదే. ఆ లెక్కన ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫాలో తాతల ఇల్లు పోగొట్టుకున్న పాలస్తీనీయుడు హైఫాలో ఉంటూ పాలస్తీనా పార్లమెంటుకి ఓటేయొచ్చు, హెబ్రాన్‌లోని యూదు కుటుంబం పాలస్తీనా చట్టానికి లోబడి అక్కడే ఉంటూ ఇజ్రాయెల్‌కి ఓటేయొచ్చు. 1993 నాటి ఓస్లో శాంతి ఒప్పందం వెనకున్న ముఖ్యుల్లో ఒకరైన ఇజ్రాయెలీ నేత యోసీ బైలిన్, పాలస్తీనా చర్చల బృందానికి న్యాయ సలహాదారుగా పనిచేసిన హిబా హుస్సేనీ 2022లో ఇంకో రూపం ఇచ్చారు: ఎంతమంది సెటిల్‌మెంట్ యూదులు పాలస్తీనాలో శాశ్వత నివాసులుగా ఉండిపోతే, అంతే సంఖ్యలో పాలస్తీనీయులకి ఇజ్రాయెల్‌లో నివాస హక్కు. వెస్ట్ బ్యాంక్‌లోనే దాదాపు 5 లక్షలమంది యూదులున్నారు, తూర్పు జెరూసలేంలో మరో 2 లక్షలకు పైగా. వీళ్ళని బలవంతంగా లేపకుండా ఆలోచించే దారి ఇది.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నివాస హక్కు అనగానే అంతా బాగైపోదు. తూర్పు జెరూసలేంలోని పాలస్తీనీయుల్లో ఎక్కువమంది ఇప్పటికే ‘శాశ్వత నివాసులు’. మునిసిపల్ ఎన్నికల్లో ఓటుంది, ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్‌కి లేదు. పేరుకే శాశ్వతం, 1967 నుంచి 14 వేలమందికి పైగా ఆ హోదా రద్దయింది. చదువుకోసమో ఉద్యోగం కోసమో ఏళ్ళ తరబడి బయట ఉండి తిరిగొస్తే సొంత ఊళ్ళో ఉండే హక్కు పోయినట్టు తెలుస్తుంది. కాబట్టి ఏ కాన్ఫెడరేషన్ పత్రం చేతికొచ్చినా నేను ముందు వెతికేది ఒకటే, ఈ హక్కుని ఒక పక్షం ఒంటరిగా రద్దు చేయగలదా లేదా అని. రెండు దేశాల జడ్జీలతో ఉమ్మడి కోర్టు లేకపోతే ఆ కాగితాన్ని నమ్మను.

అపోహ: జెరూసలేం దగ్గరకొచ్చేసరికి ఏ ఆలోచనా పనిచేయదు.

జెరూసలేం కష్టమే, కానీ ఆలోచనలకి కరువు లేదు. అక్కడి పాత నగరంలోని పవిత్ర స్థలాల మీద సార్వభౌమాధికారం దేవుడిదే అనుకుందామని జోర్డాన్ రాజు హుస్సేన్ అన్నారు, 2000లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో జరిగిన ఇజ్రాయెల్-పాలస్తీనా చర్చల కాలంలోనూ ఆ ఊహ మళ్ళీ పైకొచ్చింది. 2008లో ఇజ్రాయెల్ ప్రధాని ఓల్మెర్ట్ ఆ ప్రాంతాన్ని అమెరికా, సౌదీ, జోర్డాన్, ఇజ్రాయెల్, పాలస్తీనీయులు కలిసి చూసుకునేలా ప్రతిపాదించారు. వినడానికి వింతగా ఉన్నా, 1967 నుంచి అల్-అక్సా మసీదు ప్రాంగణం నిర్వహణ జోర్డాన్ కిందున్న వక్ఫ్ అనే ముస్లిం ధార్మిక సంస్థది, భద్రత ఇజ్రాయెల్ పోలీసులది. ఎవరిది అనే ప్రశ్నని పక్కనపెట్టి ఎవరేం చూసుకుంటారు అని పంచుకున్న పద్ధతే కదా ఇది! ఈమధ్య అది బాగా దెబ్బతింటోంది, నాకు దాని మీద నిజంగా టెన్షన్ ఉంది.

అపోహ: కొత్తగా ఉంటే చాలు, అది శాంతి ప్రతిపాదనే.

ఇజ్రాయెల్ జాతీయ భద్రతా మండలి మాజీ అధిపతి గియోరా ఐలాండ్ 2010లో ఈజిప్టు సినాయ్‌లో 720 చదరపు కిలోమీటర్లు గాజాకి కలపాలన్నారు, బదులుగా ఇజ్రాయెల్ ఎడారి భూమి ఈజిప్టుకి. ఇజ్రాయెలీ పండితుడు మొర్దెఖాయ్ కేదార్ పాలస్తీనా ఊరికో ఎమిరేట్ (చిన్న సొంత రాజ్యం) అన్నారు. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ గాజా జనాన్నే బయటికి పంపి అక్కడ రివియేరా (సముద్రతీర విలాస కేంద్రం) కడతానన్నారు, ఈజిప్టు, జోర్డాన్ వెంటనే కాదన్నాయి. ఇవి మూడూ ఒకే రకం అనను, కానీ ఎవరి బతుకు మారుతుందో వాళ్ళని అడగకుండా రాసినవి. జనాన్ని తరలించడం ఉన్న పత్రాన్ని నేను శాంతి ప్రతిపాదనగా పాఠంలో పెట్టను.

అపోహ: 2023 అక్టోబరు 7 తర్వాత, గాజా విధ్వంసం తర్వాత, కలిసి బతకడం గురించి మాట్లాడేవాళ్ళే లేరు.

ఆ రోజు హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. తర్వాత గాజాలో పదుల వేలమంది ప్రాణాలు పోయాయి. రెండు వైపులా నమ్మకం అడుగంటింది, కాన్ఫెడరేషన్ మాటెత్తేవాళ్ళు కొద్దిమందే, అది దాచను. అయినా ‘ఎ ల్యాండ్ ఫర్ ఆల్’ ఆగలేదు. దాన్ని కలిసి నడిపిస్తున్నది రూలా హర్దల్ అనే పాలస్తీనా మహిళ, మే పుందక్ అనే ఇజ్రాయెలీ లాయరు. మే తండ్రి రాన్ పుందక్ ఓస్లో రహస్య చర్చలు మొదలుపెట్టిన ఇద్దరు ఇజ్రాయెలీ పరిశోధకుల్లో ఒకరు. విడదీయడం మీద నిలబడ్డ ఆ పద్ధతిని మార్చాలని ఆయన కూతురే ఊరూరా తిరిగి చెప్తోంది.