రాజమండ్రి నల్లరాయి, మారిషస్ నల్లరాయి

మారిషస్ చెరుకు తోటల మధ్య అక్కడక్కడా ఇంటి ఎత్తున నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. అవి మనుషులు పోసిన కుప్పలు. మొదట బానిసలు, 1834 తర్వాత మన దేశం నుంచి వెళ్లిన కూలీలు, పొలం చేయడానికి ఒక్కో రాయీ ఏరి పక్కన పేర్చారు. ఆ కూలీల్లో మన గోదావరి ఒడ్డున కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లూ ఉన్నారు, అందుకే అక్కడ తెలుగువాళ్లకి కోరంగీలనే పేరు పడింది. ఆ రాయిని దగ్గరగా చూస్తే చాలావాటికి సన్నసన్నటి చిల్లులుంటాయి, లావా గడ్డకట్టేటప్పుడు లోపల చిక్కుకున్న గ్యాస్ బుడగల గుర్తులవి.

నన్ను కదిలించే విషయం ఏంటంటే, ఆ రాయి వాళ్లకి కొత్తదేమీ కాదు. భూమి లోతుల్లో కొన్నిచోట్ల విపరీతమైన వేడి పైకి తన్నుకొస్తుంటుంది, దాన్నే హాట్‌స్పాట్ అంటారు. పైనున్న భూఫలకం, అంటే నేలనీ సముద్రపు అడుగునీ మోసే పెద్ద రాతి పలక, జరిగిపోతున్నా కింద పొయ్యి మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట మన దక్కన్‌ని లావాతో ముంచెత్తిన పొయ్యే, తర్వాత మాల్దీవుల కింది అగ్నిపర్వతాలనీ, 80-90 లక్షల ఏళ్ల కిందట మారిషస్‌నీ పుట్టించిందని చాలామంది భూవిజ్ఞానుల మాట. ఇప్పుడది పక్కనే ఉన్న రీయూనియన్ దీవి కింద మండుతోంది. వికారాబాద్ వైపు నల్లరేగడి ఆ దక్కన్ లావా అరిగి అయిన మట్టే. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో దొరికే నల్లరాయి కూడా ఆ లావా పాత నదీలోయల వెంట వందల కిలోమీటర్లు పారి వచ్చిందేనంటారు.

ఇక వాన సంగతి. దీవి పొడవు 65 కిలోమీటర్లకు మించదు, కానీ నడుమ పీఠభూమి ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆగ్నేయం నుంచి వీచే సముద్రపు గాలి ఆ ఎత్తు ఎక్కుతూ చల్లబడి అక్కడే కురుస్తుంది, అవతలకి దిగేసరికి తడి అయిపోతుంది. అందుకే పీఠభూమి మీద ఏటా 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడే చోట్లుంటే, పడమటి తీరంలో 1,000 కూడా దాటదు. పీఠభూమి మీదున్న క్యూర్‌పీప్ ఊళ్లో ఆగస్టులో ముసురు పట్టి స్వెటర్ వేసుకోవాల్సి వస్తుంది, అక్కణ్నుంచి 20 కిలోమీటర్లు కూడా లేని పడమటి బీచ్‌లో అదే రోజు ఎండ కాస్తుంటుంది. పడిన వానలో కొంత ఆ రాళ్ల చిల్లుల్లోంచి, పగుళ్లలోంచి కిందకి ఇంకుతుంది. ఇళ్లకొచ్చే నీళ్లలో పెద్ద వాటా ఆ భూగర్భజలమే.

తుఫాన్లు మాత్రం ఎటు తిరిగినా తప్పవు. అక్కడ సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, అది దక్షిణార్ధగోళం కాబట్టి మన బంగాళాఖాతం తుఫానుకి ఎదురు దిశలో, గడియారం ముళ్లు తిరిగే వైపే సుడి తిరుగుతుంది. 1839లో కోరంగి రేవునే ఉప్పెన తుడిచిపెట్టేసింది, ఆ తీరం వాళ్లకి గాలివాన అంటే ఏంటో ఒకరు చెప్పక్కర్లేదు. చెరుకు అక్కడ నిలదొక్కుకోవడానికీ ఈ గాలే ఒక కారణం, గెడ వంగినా మొదలు మిగిలితే మళ్లీ చిగురేస్తుంది. ఇళ్లకి ఆ వీలు లేదు. 1960 ఫిబ్రవరిలో కెరోల్ తుఫాను రేకుల ఇళ్లని, కర్ర ఇళ్లని వేల సంఖ్యలో కూల్చేసింది, ఆ తర్వాతే ఊరూరా కాంక్రీటు స్లాబు ఇళ్లు లేచాయి.