పూరేకు బరువు మోస్తుందా?

హైదరాబాదులో నౌబత్ పహాడ్ అనే గుట్ట మీద 1985లో మొదలైన బిర్లా ప్లానెటేరియానికి గుమ్మటం ఉన్నది అందం కోసం మాత్రమే కాదు. లోపల కూర్చున్నవాళ్లకి ఆకాశం అన్ని వైపులా కనిపించాలంటే తెర అర్ధగోళంలా ఉండాలి. ఆ ఆకారం పనిలోంచే పుట్టింది.

శంఖంలాగో, ఆకులాగో, పువ్వులాగో కట్టిన సైన్స్ ప్రదర్శనశాలలంటే నాకు చాలా ఇష్టం. అలాంటిదొకటి హైదరాబాదులో రావాలనే కోరిక. కాకపోతే దాని డిజైన్ చూడగానే ఒకటి అడగాలి: ఆ వంపు నిజంగా బరువు మోస్తోందా, లేక లోపల మామూలు పిల్లర్లు, బీములు వేసి పైన వంపు తొడిగారా?

కుతుబ్ షాహీ సమాధుల దగ్గర తలెత్తి చూడండి. గుమ్మటం మొదట్లో చుట్టూ తామర రేకులు కనిపిస్తాయి. అవి అలంకారం. అసలు పని గుమ్మటం వంపుది. రాయి, సున్నం నొక్కితే తట్టుకుంటాయి, లాగితే పగులుతాయి. పై భాగంలో బరువు రాళ్లని ఒకదానికొకటి అదుముతుంది. కింది అంచు మాత్రం బయటికి జరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే అంత మందం గోడలు.

మరి రేకే బరువు మోస్తే? ఫెలిక్స్ కాండెలా అనే ఆర్కిటెక్ట్ 1958లో మెక్సికో నగరంలోని సోచిమిల్కోలో ఒక రెస్టారెంటుకి ఎనిమిది రేకుల పువ్వులాంటి కాంక్రీటు కప్పు వేశారు. మందం సుమారు 4 సెంటీమీటర్లు! మన ఇళ్ల స్లాబే నాలుగైదు అంగుళాలు ఉంటుంది. కిటుకంతా వంపులో ఉంది. ప్రతి రేకూ గుర్రపు జీనులా ఒక దిక్కున పైకి, ఇంకో దిక్కున కిందికి వంగుతుంది. అలాంటి కప్పు బరువుకి వంగిపోకుండా, దాన్ని తన వంపు వెంబడే నడిపిస్తుంది. రేకులు కలిసే గాడుల్లోంచి ఆ బరువు నేలకి దిగుతుంది. ఇంకో విశేషం, ఆ వంపు మీద తిన్నని గీతలు గీయొచ్చు. కాబట్టి సెంట్రింగుకి వంచిన చెక్కలు అక్కర్లేదు, తిన్నని పలకలు చాలు.

ఇక్కడ కట్టాలంటే ఎండ సంగతీ చూడాలి. అంత పల్చటి కాంక్రీటు మే నెలలో ఊరికే కాలిపోతుంది. పైన వేడిని ఆపే పొర వేయాలి, వేడి గాలి పోయేందుకు ఎత్తులో దారి వదలాలి. కానీ ఫాల్స్ సీలింగ్ మాత్రం వద్దు. గుమ్మం దగ్గరైనా కప్పు అంచుని పిల్లలకి అందే ఎత్తులో, కప్పకుండా వదిలేయాలి. దాని మందాన్ని వాళ్లు వేళ్లతో పట్టి చూసుకోవాలి.