ట్రౌట్‌కు వెట్ ఫ్లై కట్టడం: హన్మకొండలో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ట్రౌట్ చేపకు ఫ్లై కడతానని చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న: "ఈగల్ని పట్టి హుక్‌కు కడతవా అన్నా?" కాదు. చిన్న హుక్ మీద దారం, ఈక, జరీ చుట్టి నీటి పురుగులా భ్రమ కలిగించేదే ఫ్లై. నీళ్ళ మీద తేలేది డ్రై ఫ్లై, మునిగి పనిచేసేది వెట్ ఫ్లై. నేను కట్టేది ఎక్కువగా రెండోదే. అవి హిమాచల్ వెళ్ళే దోస్తుల పెట్టెల్లోకి పోతాయి.

అపోహ: ట్రౌట్ లేని ఊళ్ళో ఈ పని దండగ.

ట్రౌట్ చల్లటి నీటి చేప. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మే నెలలో పాకాల చెరువులో చేయి పెట్టి చూసినవాళ్ళు అక్కడ ట్రౌట్ ఉందా అని అడగరు. మన దేశానికి కూడా అది బయటి చేపే. బ్రిటిష్ వాళ్ళు 1900లో కశ్మీర్‌కు, 1909లో కులూ లోయకు బ్రౌన్ ట్రౌట్‌ను తెచ్చారు. నీలగిరి కొండల్లో రెయిన్‌బో ట్రౌట్ ఉంది. కానీ కట్టడం అనేది టేబుల్ మీద జరిగే పని. బల్ల, లైటు, ఓపిక ఉంటే ఏ ఊరైనా ఒకటే. పైగా 16 నంబర్ హుక్ మీద కట్టిన చిన్న ఫ్లైని మన వాగులో వదిలి చూడండి, పరకలు కూడా వచ్చి కొడతాయి.

అపోహ: ఈక ఎంత ఒత్తుగా ఉంటే ఫ్లై అంత మంచిది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతిలో ఎక్కువ ఫ్లైలు పాడయ్యేది ఇక్కడే. అరచేతిలో పెట్టుకుంటే బొద్దుగా, ముద్దుగా ఉంటుంది. నీళ్ళలో వేస్తే బూరుగు దూదిలా గాలి పట్టుకుని పైనే ఆగిపోతుంది. వెట్ ఫ్లైకి రెండు గుణాలు కావాలి: మునగాలి, మునిగాక కదలాలి. ఒత్తుగా కడితే రెండూ పోతాయి.

ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతపు పాత రకం ఒకటుంది, పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్. అందులో ఉండేది నారింజ రంగు పట్టు దారం, ఒక్క ఈక, అంతే. 14 నంబర్ హుక్ మీద దారాన్ని పక్కపక్కనే ఆనించి, వంపు మొదలయ్యే దాకా ఒకే వరుసలో చుట్టి వెనక్కి తేవాలి. హుక్ కన్ను, అంటే గాలం దారం కట్టే రంధ్రం దగ్గర ఈకను కట్టి రెండు చుట్లు. మూడో చుట్టు వేయాలని చేయి లాగుతుంది, ఆపుకోవాలి. తర్వాత విప్ ఫినిష్ అనే ముడి, అంటే దారం కొసను దాని చుట్ల కిందే బిగించే ముడి వేసి, దారం కోసేయడమే. చూస్తే "గింతేనా?" అనిపిస్తుంది. గ్లాసు నీళ్ళలో వేసి స్పూన్‌తో మెల్లగా తిప్పండి. ఈక పోగులు ఒక్కొక్కటీ ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటాయి, పురుగు కాళ్ళు ఆడించినట్టే. 1850లలో స్కాట్లాండ్‌లో డబ్ల్యూ.సి. స్టీవర్ట్ అనే ట్రౌట్ వేటగాడు ఇలాంటి రెక్కల్లేని, మెత్తటి ఈక ఫ్లైలతోనే పేరు తెచ్చుకున్నాడు.

ఇంకోటి, పట్టు దారం తడిస్తే రంగు ముదురుతుంది. షాపులో పొడి దారం చూసి రంగు ఎంచుకోవద్దు, చిన్న ముక్కను తడిపి చూడండి. గ్రీన్‌వెల్స్ గ్లోరీ అనే పేరున్న ఫ్లై 1854లో ట్వీడ్ నది ఒడ్డున పుట్టింది. దాని పసుపు పట్టు దారానికి చెప్పులు కుట్టేవాళ్ళు వాడే మైనం పట్టిస్తే ఆకుపచ్చ చాయ వస్తుంది. కావాల్సింది ఆ చాయే.

అపోహ: మెరిసే పుంజు ఈకే అసలైన ఈక.

పుంజు మెడ ఈక గట్టిగా, నునుపుగా ఉంటుంది, నీళ్ళు అంత తొందరగా పట్టదు. అందుకే అది డ్రై ఫ్లైకి. వెట్ ఫ్లైకి నాటు పెట్ట మెడ, భుజం ఈకలు కావాలి. అవి మెత్తగా ఉండి ఇట్టే తడుస్తాయి. గోధుమ రంగు మీద చుక్కలున్న పెట్ట దొరికితే అదృష్టమే. కాకపోతే మన దగ్గర నాటుకోడిని ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు పూసి ఇస్తారు. ముందే చెప్పి మెడ తోలు తీయించుకోకపోతే ఈకలు చెత్తబుట్టలోకే. తెచ్చాక గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, కవర్లో చుట్టి కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇంట్లోవాళ్ళతో గొడవ ఖాయం. అయినా ఈక పురుగు పెట్టెలోకి చేరితే అంతకంటే పెద్ద నష్టం. తర్వాత డబ్బాలో రెండు డాంబర్ గోళీలు.

పుస్తకంలో పార్ట్రిడ్జ్ అని రాసి ఉందని కౌజుల వెంట పడొద్దు. అడవి పక్షిని ఈక కోసం పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అడవికోడి సంగతీ అంతే. చుక్కల ఈకే కావాలంటే, గిన్నికోళ్ళు పెంచేవాళ్ళ దగ్గర రాలినవి అడిగి తెచ్చుకోవచ్చు.

అపోహ: నెమలీక ముట్టుకుంటేనే కేసు.

సగం నిజం. నెమలిని పట్టడం, చంపడం, ఈకలు పీకడం పెద్ద నేరమే. కానీ దానంతట అది రాల్చిన తోక ఈకల్ని ఉంచుకోవడం, దేశం లోపల అమ్ముకోవడం చట్టం ఆపదు. ఈకను గానీ, దానితో చేసిన వస్తువును గానీ దేశం దాటించడం మాత్రం నిషేధం. కాబట్టి కోచ్‌మన్ అనే రకం ఫ్లైకి నెమలి పోగు చుట్టి విదేశంలో ఉన్న చుట్టాలకు పంపాలనుకుంటే ఆగిపోండి.

ఆ పోగుతో వచ్చే అసలు చిక్కు వేరు. ట్రౌట్ నోట్లో పళ్ళుంటాయి, రెండు చేపలకే పోగు తెగి వేలాడుతుంది. నెమలీకలోని కన్ను కింది భాగం నుంచి మూడు నాలుగు పోగులు తీసి, కట్టే దారంతో కలిపి మెలిపెట్టి చుట్టండి. పైన సన్న రాగి తీగను ఎదురు దిశలో నాలుగు చుట్లు తిప్పితే ఇంకా గట్టి.

అపోహ: సామానంతా ఫారిన్‌దే కావాలి.

ఆ రాగి తీగ నాకు బోరు మోటార్ల వైండింగ్ షాపులో దొరుకుతుంది, కింద పడ్డ ముక్కలే చాలు. జరీ, పట్టు దారం మగ్గం వర్క్ సామాన్లమ్మే షాపుల్లో ఉంటాయి. ఒక్క జాగ్రత్త: రాగి మీద పూత వేసిన జరీ నీళ్ళు తగిలితే నల్లబడుతుంది, ఈ పనికి ప్లాస్టిక్ జరీయే నయం. ముడి మీద రంగులేని నెయిల్ పాలిష్ చాలు.

పీనాసితనం చూపించకూడనిది హుక్ దగ్గరే. లూజుగా అమ్మే చవక హుక్ పెద్ద చేప లాగితే సాగిపోతుంది, లేదా వైస్‌లో (కట్టేటప్పుడు హుక్‌ను పట్టి ఉంచే బిగింపు పరికరం) బిగించినప్పుడే విరుగుతుంది. వెట్ ఫ్లై పేరుతో అమ్మే కాస్త మందం తీగ హుక్ కొనండి, ఆ బరువుకే ఫ్లై మునుగుతుంది. నంబర్ పెరిగితే హుక్ చిన్నదవుతుందని ఆర్డర్ పెట్టేముందు గుర్తుంచుకోండి. 10 తెప్పించుకుని "గింత పెద్దగున్నదేంది" అని నాకు ఫోన్ చేసేవాళ్ళు ఉన్నారు.

అపోహ: పురుగును అచ్చు గుద్దినట్టు కట్టాలి.

కళ్ళు, మీసాలు, ఆరు కాళ్ళు లెక్కపెట్టి కట్టేవాళ్ళున్నారు. షోకేసులో పెట్టుకోవడానికి బాగుంటాయి. పారే నీళ్ళలో చేపకు తేరిపార చూసే టైం ఉండదు. సైజు, చాయ, కదలిక, ఉన్న లోతు, ఇవి కుదిరితే నోరు తెరుస్తుంది. నీటి అడుగున పెరిగిన పురుగు రెక్కలు విప్పుకోవడానికి పైకి ఈదే వేళ చేపలకు పండగ. అందుకే వెట్ ఫ్లైని ప్రవాహానికి అడ్డంగా, కాస్త కిందివైపుకు విసిరి, దారాన్ని కొద్దిగా బిగువుగా ఉంచి నీళ్ళకే వదిలేస్తారు. అది వంపు తిరిగి ఒడ్డు వైపుకు వస్తూ చివర్లో పైకి లేస్తుంది. చాలాసార్లు కొట్టేది అక్కడే. తొందరపడి ఫ్లైని ముందే లాగేసి, "చేపలు లేవు, ఫ్లై బాగాలేదు" అని నా మీద పడేవాళ్ళకు నేను ఇచ్చే జవాబు ఒకటే: చివర్లో ఐదు లెక్కపెట్టి అప్పుడు తీయండి.