లాగ్‌సీక్‌లో రోజువారీ నోట్స్: అపోహలు - వాస్తవాలు

నాలుగేళ్లుగా ఆఫీసు పనీ ఇంటి పనీ లాగ్‌సీక్ (Logseq) అనే నోట్స్ యాప్‌లోనే రాసుకుంటున్నాను. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు ప్రతిసారీ ఈ మాటలే ఎదురవుతాయి.

అపోహ: ఇది డైరీ, రోజూ రాయకపోతే దండగ.
వాస్తవం: తెరవగానే ఇవాళ్టి తేదీతో పేజీ వస్తుంది కాబట్టి అలా అనిపిస్తుంది. పది రోజులు రాయకపోయినా పదకొండో రోజు మామూలుగానే మొదలుపెట్టొచ్చు.

అపోహ: ముందే ఫోల్డర్లు, విభాగాలు సిద్ధం చేసుకోవాలి.
వాస్తవం: చాలామంది ఇక్కడే అలిసిపోయి మానేస్తారు. అమ్మకు బీపీ చూసినప్పుడు నేను ఆ రోజు పేజీలోనే ఒక బుల్లెట్ రాస్తాను: “[[అమ్మ బీపీ]] 150/90, పొద్దున, మాత్ర వేసుకోకముందు”. జోడు చదరపు బ్రాకెట్లలో పెట్టిన మాటకు దానంతటదే ఒక పేజీ ఏర్పడుతుంది. డాక్టరు దగ్గర ఆ పేజీ తెరిస్తే, కింద లింక్డ్ రిఫరెన్సుల్లో (ఆ పేజీ పేరు రాసిన చోట్లన్నీ కనిపించే భాగంలో) ఇన్నాళ్ల రీడింగులన్నీ తేదీలతో సహా ఉంటాయి. విడిగా సర్దిపెట్టే పనే లేదు.

అపోహ: తెలుగులో రాస్తే లింకులు కుదరవు.
వాస్తవం: చక్కగా కుదురుతాయి. చిక్కంతా మన విభక్తుల దగ్గరే. [[అమ్మకి]] అని రాస్తే “అమ్మకి” పేరుతో ఒక పేజీ, [[అమ్మతో]] అంటే ఇంకో పేజీ పుడతాయి. ప్రత్యయాన్ని బయట ఉంచండి: [[అమ్మ]]కి, [[అమ్మ]]తో. #అమ్మకి అని ట్యాగ్ పెట్టినా అదే తంటా, స్పేస్ వచ్చేదాకా ఉన్నదంతా ట్యాగే అయిపోతుంది. మరి “ఇల్లు” కాస్తా “ఇంటికి” అయినప్పుడు? ఇల్లు పేజీ మొదట్లో “ఇంటి” అని అలియాస్, అంటే మారుపేరు, ఇచ్చుకోండి. అప్పుడు [[ఇంటి]]కి అని రాసినా ఇల్లు పేజీకే చేరుతుంది. బీపీ అని ఒకరోజు, రక్తపోటు అని ఇంకోరోజు రాసే అలవాటుకూ ఇదే మందు.

అపోహ: మన కంప్యూటర్లోనే ఉంటుంది కాబట్టి భద్రం.
వాస్తవం: సగమే నిజం. నేను వాడే వెర్షన్‌లో ఒక్కో రోజుకు ఒక మార్క్‌డౌన్ ఫైలు (మామూలు టెక్స్ట్ ఫైలు లాంటిదే), 2024_03_15 లాంటి పేరుతో ఉంటుంది. రేపు యాప్ మూతపడినా నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు, అది నాకు పెద్ద ధైర్యం. కానీ డిస్క్ పాడైతే అన్నీ పోతాయి. ఒకసారి క్లౌడ్ ఫోల్డరులో పెట్టి, ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకేసారి తెరిచి ఉంచాను. పాత ఫైలు కొత్తదాని మీద పడి, ఒక పూటంతా రాసిన మీటింగు నోట్స్ పోయాయి. చాలా బాధపడ్డాను. అప్పటినుంచి ఒకదాంట్లో మూసి, సింక్ అయిందని చూసుకున్నాకే రెండోది తెరుస్తున్నాను. ప్రతి ఆదివారం ఆ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాను.