కాలిఫోర్నియా ప్రొబేషన్ నిధులు: లెక్క తప్పింది ఎక్కడ?

ప్రొబేషన్ అంటే దోషిని జైలుకు పంపకుండా షరతులతో బయటే ఉంచి గమనించడం. కాలిఫోర్నియాలో 58 కౌంటీల ప్రొబేషన్ శాఖలకు రాష్ట్రం ఇచ్చే సొమ్మును ఏ లెక్కన పంచాలన్న పేచీ బడ్జెట్ వేళ మళ్లీ మళ్లీ లేస్తుంది. అందరూ 2009 నాటి ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 678 చట్టాన్నే చూపిస్తారు. మెలిక పడింది మాత్రం 2011 అక్టోబరు 1న.

చట్టం లెక్క సూటిగానే ఉండేది. ఫెలనీ (పెద్ద నేరాల) కేసుల్లో ప్రొబేషన్‌పై ఉన్నవారిలో ఏడాదికి ఎందరు రాష్ట్ర జైలుకు వెళ్తున్నారో చూస్తారు. 2006-08 నాటి రాష్ట్ర సగటు 7.9 శాతం. ఒక కౌంటీలో 10,000 మంది ఉండి, 790 మంది వెళ్లాల్సిన చోట 610 మందే వెళ్లారనుకుందాం. తగ్గిన 180 మంది వల్ల రాష్ట్రానికి మిగిలిన దాంట్లో 40 లేదా 45 శాతం కౌంటీకి వస్తుంది. ఖైదీ సగటు ఖర్చుతో గుణించరు, మనిషి తగ్గితే నిజంగా ఆదా అయ్యేదే లెక్క. గోడలకూ కాపలాకూ అయ్యేది ఎలాగూ తగ్గదు. వచ్చిన సొమ్ములో కనీసం 5 శాతం ఫలితాల మదింపుకు కేటాయించాలి. 2010లోనే రేటు 6.1కి దిగింది.

ఆ తర్వాత, 2011 అక్టోబరు 1న, ఏబీ (అసెంబ్లీ బిల్లు) 109 చట్టం అమల్లోకి వచ్చింది. హింస, లైంగిక నేరం లేని, తీవ్రం కాని ఫెలనీలకు శిక్ష ఇక కౌంటీ జైల్లోనే. అంటే ప్రొబేషన్ నియమం తప్పిన చాలామందికి రాష్ట్ర జైలు దారే మూసుకుపోయింది. అధికారులు బాగా పనిచేశారా, దారి మారిందా అన్నది రేటు చూసి తేల్చలేం. పైగా రాష్ట్ర జైలు నుంచి విడుదలైన కొందరి పర్యవేక్షణా కౌంటీల నెత్తిన పడింది. 2015లో వాళ్లనూ లెక్కలో కలిపి ఫార్ములా మార్చారు.

2021 జనవరిలో అమల్లోకి వచ్చిన ఏబీ 1950 చట్టం రేటులోని హారాన్నే, అంటే ప్రొబేషన్‌పై ఉన్నవారి సంఖ్యనే కదిలించింది. కొన్ని నేరాలు మినహా ఫెలనీ ప్రొబేషన్‌ను రెండేళ్లకు కుదించింది. వెయ్యి మందిలో 60 మంది విఫలమై జైలుకెళ్తే రేటు 6 శాతం. గడువు కుదించగా బుద్ధిగా ఉన్న 400 మంది బయటపడి, మిగతా 600లో 50 మందే విఫలమైనా రేటు 8.3. జైలుకెళ్లినవారు తగ్గారు, మార్కులూ తగ్గాయి! 2021-22 బడ్జెట్‌లో ఫార్ములాను పక్కనపెట్టి స్థిర మొత్తాలిచ్చారు.

ఫలితం చూడకుండా డబ్బెలా ఇస్తామన్నది రాష్ట్రం వైపు మాట. కౌంటీలది వేరే గోడు. ప్రొబేషన్ రద్దు కోరేది చాలాసార్లు జిల్లా అటార్నీ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్), తేల్చేది జడ్జి; మార్కులు మాత్రం ప్రొబేషన్ చీఫ్‌కు. రేటు పెరిగిందని అధికారుల జీతాలు ఆపలేరు. 200 మందే ఉన్న చిన్న కౌంటీలో ఇద్దరు జైలుకెళ్తే రేటు ఒక శాతం ఎగబాకుతుంది.

ఒకే త్రైమాసికంలో ప్రొబేషన్ మొదలైనవారిని రిస్క్ స్కోరు (మళ్లీ నేరం చేసే అవకాశంపై వేసే అంచనా) వారీగా విడదీసి, అందరినీ సమాన కాలం గమనిస్తే ఈ హారం గొడవ చాలావరకు పోతుంది. అందుకు కౌంటీ జైలు రికార్డులు కావాలి. అవి కౌంటీ జైలు నడిపే షెరీఫ్ దగ్గర, కేసు ఫైళ్లు ప్రొబేషన్ శాఖ దగ్గర ఉంటాయి. ఆ రెంటినీ జతచేసే పనికి చిన్న కౌంటీ వాటాలో మదింపుకు పెట్టే 5 శాతం ఏ మూలకూ రాదు.