తునికి పొదకు కొమ్మ కొట్టేది ఎందుకు?

పెద్ద తునికి చెట్టు ఆకు బీడీకి పనికిరాదు. మందంగా, గరుకుగా ఉంటుంది, చుడితే విరుగుతుంది. కావాల్సింది పొద మీద కొత్తగా వచ్చిన ఆకు. అందుకే ములుగు, భూపాలపల్లి, భద్రాచలం అడవుల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదల్ని నేల దాకా నరుకుతారు. దీన్నే కొమ్మ కొట్టడం అంటారు.

కొమ్మ చివరి మొగ్గ నుంచి ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ, కింది మొగ్గల్ని ఎదగనివ్వదు. చివర తెగితే ఆ అడ్డు తొలగి, నిద్రపోతున్న మొగ్గలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. వేర్ల నుంచి కూడా పిలకలొస్తాయి. వర్షం లేని నడివేసవిలో ఇంత చిగురు ఎలాగంటే, తునికి వేరు లోతుకు పోయి నీళ్లందుకుంటుంది, పిండిపదార్థం దాచుకుంటుంది. సుమారు నలభై అయిదు రోజులకు ఆకు కోతకొస్తుంది. ఆలస్యమైతే ముదిరిపోతుంది. అందుకే ఏడాది మొత్తం మీద కోత కొన్ని వారాలే, అదీ మండే ఎండలో, ఎలుగుబంట్లు తిరిగే చోట.

యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు, అంటే యాభై వేల ఆకులు. డబ్బు కట్టల లెక్కన వస్తుంది. కల్లంలో ఆరబెట్టిన కట్టల మీద అకాల వాన పడితే ఆకు మచ్చలెక్కి, ఆ కష్టమంతా పోతుంది. ట్రయోజా అనే చిన్న పురుగు ఆకు మీద బుడిపెలు లేపినా ఆకు తీసుకోరు.

కొమ్మ కొట్టే పనిని నిప్పు కూడా చేస్తుంది. పైభాగం కాలితే వేరు మళ్లీ చిగురు వేస్తుంది. కూలి ఖర్చు లేదని కొందరు నరకడానికి బదులు నిప్పు పెడతారు, కానీ ఈ దారి వల్ల అడవికి జరిగే నష్టం చాలా ఎక్కువ. ఇప్ప, మద్ది మొలకలు, నేల మీది పక్షి గుడ్లు, రాలిన ఆకుల పొర కాలిపోతాయి. ఇప్పపువ్వు ఏరుకునేదీ, తునికాకు కోసేదీ చాలాచోట్ల ఒకే కుటుంబాలు. ఒక చేతి సంపాదన రెండో చేతి సంపాదనను కాల్చేయడం నన్ను బాధపెడుతుంది.

2006 అటవీ హక్కుల చట్టం తునికాకును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని మీద యాజమాన్య హక్కు అడవిబిడ్డలకిచ్చింది. ఆ హక్కుతో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని పాంచ్‌గావ్ గ్రామసభ, కొమ్మలు నరకడం, నిప్పు పెట్టడం వద్దనుకుని ఆకు కోతే మానేసింది. వాళ్లకు వెదురు ఆదాయం ఉంది. ఆ ఆసరా లేని మన గూడేలకు ఆకు తప్పదు. కాబట్టి కొమ్మ కొట్టినవాళ్లకు కూలి కోత దాకా ఆపకుండా, ఫిబ్రవరిలోనే, ఏ రోజుది ఆ రోజు ఇవ్వాలి. అప్పుడు నిప్పు పెట్టాల్సిన అవసరమే చాలా వరకు తగ్గుతుంది.